జాక్సన్‌విల్ పందెము: 200 చుట్ల లెక్క

పందెమన్న తోడనే మన చూపు పరుగెత్తువాని వంకకే పోవును. లెక్క వ్రాయువానిని ఎవరును గమనింపరు. సంక్రాంతి దినములలో ఒంగోలు ఎడ్లచే బండ లాగించు పందెములు చూచినవారికి ఈ సంగతి తెలిసినదే. జనమంతయు ఎడ్ల చుట్టు మూగి కేకలు వేయుచుందురు. ఒక ప్రక్కన ఒక పెద్దమనిషి గడియారము పట్టుకొని నిలుచును. మరియొకడు బండ పోయిన దూరము కొలుచుచుండును. బండను కదలించినవి ఎడ్లే యైనను గెలుపు తేల్చునది ఆ కొలతయే. కొలత సరిగా నున్నంత కాలము దానిని గూర్చి ఎవరును తలపరు. అది తప్పిననాడు మాత్రము ఎడ్ల బలమును, వానిని మేపినవాని శ్రమయు ఒక్క గడియలో గాలికి పోవును.

మేము ఈనాడు చెప్పబూనినది అట్లు లెక్క తప్పిన ఒక పందెము కథ. అది 1963వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఫ్లోరిడా రాష్ట్రమున, జాక్సన్‌విల్ నగరమున జరిగిన కారుల పందెము. గెలిచినవాడు వెండెల్ స్కాట్ అను నల్లజాతి మెకానిక్కు. గెలుపు జెండా ఊపినది మాత్రము వేరొకనికి. కొన్ని గంటలలోనే కాగితముమీది తప్పు దిద్దబడెను. కాని ఆ దిద్దుబాటు పూర్తియగుటకు 58 ఏండ్లు పట్టెను. కాగితముమీద తప్పు దిద్దుటకును, మనిషికి న్యాయము చేయుటకును నడుమ ఇంత దూర మెట్లు ఏర్పడినది? ఈ ప్రసంగమునందు మేము విచారింపదలచినది ఈ ఒక్క ప్రశ్ననే.

ముందుగా ఆ పందెము స్వరూపమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. పందెము కొరకే ప్రత్యేకముగా నిర్మింపబడి, చక్రములు బయటకు కనబడుచుండు సన్నని బండ్లు వేరు. స్టాక్ కారు అనగా అంగడిలో గృహస్థులు కొనుక్కొను సామాన్యమైన కారు. ఫోర్డు, షెవర్లే, ప్లిమత్ వంటి బండ్లనే తెచ్చి, లోపల ఇనుప గొట్టములతో పంజరము బిగించి, స్ప్రింగులను గట్టిపరచి, ఇంజనుకు పదును పెట్టి బరిలోనికి దింపెడివారు. తరువాతి కాలమున ఈ బండ్లు పేరునకు మాత్రమే అంగడి కారులైనవి. ఆనాడు మాత్రము ప్రేక్షకుడు ఇంటి ముందర నిలిపి వచ్చిన కారు వంటిదే పందెములోను పరుగెత్తుచుండెను. ఆ పందెములకు జనము విరగబడి వచ్చుటకు అదియును ఒక కారణము.

ఈ పందెములు పుట్టిన విధము విచిత్రమైనది. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధము అమలులో నుండెను. ఆ దేశపు ఆగ్నేయ భాగమునందలి అపలాచియన్ కొండలలో దొంగసారా కాచుట అంతకు పూర్వమునుండియు ఉన్నదే. నిషేధముతో అది మరింత ప్రబలెను. నిషేధము తొలగిన పిదపను పన్ను ఎగవేయుటకై ఆ వ్యాపారము సాగుచునే యుండెను. రాత్రివేళ దీపములార్పి, కొండ దారుల వెంట, పోలీసు బండికి చిక్కకుండ సారా చేరవేయు యువకులు తమ కారులను తామే మరమ్మతు చేసికొని వేగము పెంచుకొనెడివారు. ఎవని బండి వేగవంతమైనదో తేల్చుకొనుటకు ఆదివారములందు ఏదో యొక బయలులో పందెములు వేసికొనెడివారు. ఆ బయళ్లే క్రమముగా పందెపు బరులైనవి. 1947 డిసెంబరులో బిల్ ఫ్రాన్స్ అను నాతడు డేటోనా బీచ్ పట్టణమున పందెగాండ్రను సమావేశపరచి ఒక సంఘము నెలకొల్పుటకు పూనుకొనెను. 1948లో ఆ సంఘము నాస్కార్ అను పేర రూపొందినది. ఆ పేరు నేటికిని నిలిచియున్నది.

ఆ సంఘము చరిత్రలో తొలినాటినుండియు గెలుపు తేల్చుట ఒక చిక్కు సమస్యగానే యుండెను. 1949 జూన్ 19వ తేదీన షార్లట్ నగరమున మొట్టమొదటి స్టాక్ కారు పందెము జరిగినప్పుడు, గ్లెన్ డనవే అను నాతడు ముందుగా గీత దాటెను. తరువాత తనిఖీ చేసి చూడగా ఆతని ఫోర్డు బండి వెనుక స్ప్రింగులు నిబంధనలకు విరుద్ధముగా మార్చబడియుండెను. సారా బరువు మోయుటకు చేయు మార్పది. ఆతనిని తొలగించి, రెండవవాడగు జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించిరి. 1959 ఫిబ్రవరిలో డేటోనా నగరమున జరిగిన మొదటి 500 మైళ్ల పందెములో జానీ బోషాంప్, లీ పెట్టీ అను ఇరువురు పక్కపక్కనే గీత దాటిరి. మొదట బోషాంప్ గెలిచినాడనిరి. తరువాత ఛాయాచిత్రములను, వార్తాచిత్రములను మూడు దినములు పరిశీలించి, గెలిచినవాడు లీ పెట్టీ యని తేల్చిరి. ఆ మూడు దినములును దేశమంతట పత్రికలలో అదే చర్చ. అనగా తీర్పు తప్పగుటయు, దానిని తిరుగదిద్దుటయు ఆ సంఘమునకు క్రొత్తవి కావు. ఈ సంగతి మా శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

చుట్లు లెక్కించు పద్ధతియు కొంత చెప్పవలెను. అరమైలు చుట్టుకొలత గల మట్టిబాటపై ఇరువదికి పైగా బండ్లు ఒక్కసారి తిరుగుచుండును. పది చుట్లు గడచునప్పటికే ముందున్నవాడు వెనుకబడినవారిని అందుకొని దాటుటకు మొదలిడును. ఆ మీదట బాటపై ఎవడు ఎవని ముందున్నాడో కన్నులతో చూచి చెప్పుట అసాధ్యము. ఎదుట కనబడునది ఒక దుమ్ము మేఘము మాత్రమే. ఆ రోజులలో విద్యుద్యంత్రములు లేవు. ఒక్కొక్క కారునకు ఒక్కొక్క లెక్కరి యుండి, తన కారు గీత దాటినప్పుడెల్ల గడియారము చూచి కాగితముపై గుర్తు వేయవలెను. గంటన్నర సేపు కన్నార్పక చేయవలసిన పని అది. ఒక్క గుర్తు తప్పినచో ఒక్క చుట్టు తప్పినట్లే. పందెము ముగిసిన పిదప ఆ కాగితములన్నిటిని సరిపోల్చి చూచుటకును వీలుండెను. కాబట్టి పొరపాటు జరుగుట సహజమే; పొరపాటును కనిపెట్టుట కూడ సాధ్యమే.

ఇక కథానాయకుని సంగతి. వెండెల్ స్కాట్ 1921 ఆగస్టు 29వ తేదీన వర్జీనియా రాష్ట్రమున డాన్‌విల్ పట్టణమున జన్మించెను. తండ్రి ధనికుల కారులు నడుపుచు, మరమ్మతులు చేయుచు జీవించినవాడు. కుమారునకు ఆ విద్య తండ్రివలననే అబ్బెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున స్కాట్ సైన్యములో మెకానిక్కుగా ఐరోపాలో పనిచేసెను. ఆనాటి అమెరికా సైన్యములో నల్లవారి దళములు వేరు, తెల్లవారి దళములు వేరు. యుద్ధము ముగిసి ఇల్లు చేరిన పిదప ఆయన టాక్సీ నడిపెను; ఒక మరమ్మతు దుకాణము పెట్టెను; సంసారము పెరుగగా రాత్రులందు దొంగసారా కూడ చేరవేసెను. పోలీసులు ఎన్నియో మారులు తరిమిరి. పట్టుబడినది మాత్రము ఒక్కసారియే. ఇందు దాచవలసినదేమియు లేదు. ఆ ప్రాంతపు పందెగాండ్రలో పెక్కురు ఆ బడిలో చదివినవారే.

ఆయన పందెములలోనికి వచ్చిన విధము నవ్వు పుట్టించునట్టిది. ఆ నవ్వు వెనుక చేదును గలదు. 1952లో డాన్‌విల్ పందెముల నిర్వాహకులకు జనము చాలకుండెను. ఒక నల్లజాతివానిని బరిలోనికి దింపినచో వింత చూచుటకు జనము వత్తురని వారి యోచన. ఆ పట్టణమున మిక్కిలి వేగముగా కారు నడుపు నల్లవాడెవ్వడని వారు పోలీసులనే అడిగిరి. పోలీసులు తడుముకొనక స్కాట్ పేరు చెప్పిరి. తరిమి తరిమి అలసిన వారికి తెలియక మరెవ్వరికి తెలియును? అట్లు వింతగా చూచుటకు పిలువబడినవాడు, పని నేర్చినవాడుగా నిలిచిపోయెను.

పిలిచినవారు పిలిచిరి గాని, అన్ని చోట్లను తలుపులు తెరువబడలేదు. కొన్ని పందెములకు ఆయన బండి కట్టుకొని పోగా, నల్లవారికి ప్రవేశము లేదని త్రిప్పి పంపిరి. తుదకు సంఘపు అధికారి యొకడు ధైర్యము చేసి లైసెన్సు ఇచ్చెను. చిన్న పందెములలో ఆయన నూరునకు పైగా గెలిచెను. 1959లో వర్జీనియా రాష్ట్రమున ఒక తరగతికి విజేతయయ్యెను. 1961 మార్చి 4వ తేదీన స్పార్టన్‌బర్గ్ పట్టణమున నాస్కార్ వారి అత్యున్నత శ్రేణి పందెములో తొలిసారి పాల్గొనెను. అప్పటికి ఆయనకు 39 ఏండ్లు.

తక్కిన పందెగాండ్రకు కారుల కంపెనీల అండయుండెను. క్రొత్త ఇంజనులు, జీతగాండ్రగు మెకానిక్కులు, కొల్లలుగా టైర్లు ఉండెను. స్కాటునకు ఉన్నది ఆయన చేతులు, ఆయన కుమారులు. ఇంజను తానే విప్పి తానే బిగించును. ఇతరులు పారవేసిన టైర్లను, తీసివేసిన భాగములను కొని సరిచేసికొనును. బండిని లారీ వెనుక కట్టుకొని, భార్యాబిడ్డలతో వందలాది మైళ్లు ప్రయాణము చేసి పందెమునకు చేరును. దారిలో పలు హోటళ్లు వారికి గది యీయవు. పలు భోజనశాలలు లోనికి రానీయవు. ఇంటినుండి తెచ్చుకొన్నది తిని, బండిలోనే నిద్రించి, తెల్లవారగానే బరికి పోవలసినదే. బరిలో కొందరు కావలెననియే ఆయన కారును గ్రుద్దెడివారు. ఎదురు తిరిగి గ్రుద్దినచో తన లైసెన్సు ఊడుననియు, పగిలిన బండిని బాగుచేసికొనుటకు సొమ్ము లేదనియు ఎరిగి, ఆయన సహించి ఊరకుండెను. సాటివారిలో సాయపడినవారు లేకపోలేదు. 1961లో సంఘపు విజేతయైన నెడ్ జారెట్ నడిపిన 1962 షెవర్లే కారును ఆయన కొనుక్కొనెను. లేత నీలపు రంగు వేసి, దానిపై 34 అను తన సంఖ్య వ్రాసికొనెను. జాక్సన్‌విల్ బరిలో పరుగెత్తినది ఆ కారే.

ఆ సంవత్సరము ఎట్టిదో కూడ తలచుకొనవలెను. 1963 జూన్ 10వ తేదీన స్కాట్ సొంత ఊరగు డాన్‌విల్‌లోనే, సమాన హక్కులు కోరి ప్రార్థన చేయుచున్న నల్లవారిపై పోలీసులు అగ్నిమాపక గొట్టములతో నీరు చిమ్మి, లాఠీలతో మోదిరి. ఆగస్టు 28వ తేదీన వాషింగ్టన్ నగరమున రెండు లక్షలకు మించిన జనము ఆ హక్కుల కొరకే ఊరేగిరి. నవంబరు 22వ తేదీన అధ్యక్షుడు కెనెడీ హత్య గావింపబడెను. ఆ ఘోరము జరిగిన తొమ్మిది దినములకే జాక్సన్‌విల్ పందెము. హోటళ్లలోను, బహిరంగ స్థలములలోను జాతిభేదము పాటించుటను నిషేధించు చట్టము వచ్చినది మరియొక ఏడు నెలల తరువాత, 1964 జూలైలో. కాబట్టి ఆ దినమున ఫ్లోరిడాలో నల్లవానికొక నీటి కొళాయియు, తెల్లవానికి వేరొక కొళాయియు ఉండుట ఎవరికిని వింత గాదు. ఒకే ఊరిలో రెండు బావులుండిన కాలమును ఎరిగిన మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

జాక్సన్‌విల్ బరి పేరు స్పీడ్‌వే పార్క్. అరమైలు మట్టిబాట. పందెము 200 చుట్లు, అనగా నూరు మైళ్లు. సంఘపు లెక్కలో ఇది 1964వ సంవత్సరపు పందెములలో చేరినదే. ఏలననగా వారి పందెపు సంవత్సరము ముందటి యేటి చివరలోనే ఆరంభమగుచుండెను. స్కాట్ 15వ స్థానమునుండి బయలుదేరెను. ఆ స్థానమునుండి బయలుదేరువాడు గెలుచునని ఎవరును అనుకొనరు. ఆ దినమున బాట గుంతలు పడి మిక్కిలి అధ్వాన్నముగా నుండెను. అట్టి బాటపై మిక్కిలి వేగము గల బండి కంటె, దెబ్బ తినకుండ తుదివరకు నిలుచు బండియే మేలు. కొనలేనివాడు ఉన్న బండిని కాపాడుకొనుట నేర్చును. ఎక్కడ మెల్లగా పోవలెనో, ఏ గుంతను తప్పించుకొనవలెనో స్కాటునకు తెలిసినట్లు కంపెనీ సొమ్ముతో నడుపువానికి తెలియదు.

చుట్లు గడచుచున్నకొలది గట్టివనుకొన్న బండ్లు ఒక్కొక్కటే వెనుకబడజొచ్చెను. లీ పెట్టీ కుమారుడగు రిచర్డ్ పెట్టీ అందరికంటె ముందుండెను. ఆ సంవత్సరపు విజేతగా తరువాత నిలిచినవాడును ఆతడే. కాని ఆతని కారునకు చెడుపు కలిగి వేగము తగ్గెను. ఇంక 25 చుట్లు మిగిలియుండగా నీలపు రంగు 34వ సంఖ్య కారు ఆతనిని దాటి ముందునకు పోయెను. ఆ మీదట దానిని అందుకొన్నవారు లేరు.

స్కాట్ తన 200వ చుట్టు ముగించి గీత దాటెను. నలుపు తెలుపు గళ్ల జెండా ఊపవలసిన సమయమది. జెండా ఊపలేదు. ఆయన మరియొక చుట్టు తిరిగెను. అప్పుడును ఊపలేదు. ఇంకొక చుట్టు తిరిగెను. అటుపిమ్మట జెండా ఊపిరి గాని, అది ఆయనకు కాదు, బక్ బేకర్‌కు. బేకర్ సామాన్యుడు కాడు. 1956, 1957 సంవత్సరములలో సంఘపు విజేతగా నిలిచిన పందెగాడు. తనకు ఊపిన జెండాను తాను స్వీకరించుటలో ఆతని తప్పును మేము వెదకబోము. ఆతడు విజేతల ఆవరణమునకు పోయెను. ట్రోఫీ ఆతని చేతికి వచ్చెను. ఛాయాచిత్రములు తీసిరి. జనము చప్పట్లు కొట్టిరి. పిదప ఇండ్లకు పోవుటకు లేచిరి.

స్కాట్ అధికారుల యొద్దకు పోయి, గెలిచినది తాననియు, లెక్క మరల చూడుడనియు కోరెను. లెక్క చూచిరి. కాగితములు సరిపోల్చుటకు సుమారు రెండు గంటలు పట్టినది. తేలినదేమనగా, గెలిచినవాడు స్కాటే. అదియును ఒక కారు పొడవు తేడాతో కాదు, ఒక చక్రపు తేడాతో కాదు. పూర్తిగా రెండు చుట్లు, అనగా ఒక మైలు దూరము, ఆయన బేకర్ కంటె ముందుండెను. పందెము 200 చుట్లు కాగా ఆయన తిరిగినవి 202. గెలుపు ఆయనదేయని అధికారులు అంగీకరించి, విజేతకు చెల్లవలసిన 1,000 డాలర్లు ఇచ్చిరి. కాని అప్పటికి మైదానము ఖాళీ. జనము లేరు, ఛాయాచిత్రములు తీయువారు లేరు, ట్రోఫీ లేదు. అది బేకర్‌తో వెళ్లిపోయెను. కొన్ని వారముల తరువాత వేరొక ఊరిలో స్కాట్ చేతికి ఒక చిన్న కొయ్యముక్క వంటి బహుమానము అందినదనియు, దానిమీద పేరైనను లేదనియు ఆయన కుటుంబమువారు చెప్పుచుండెడివారు.

ఇట్లేల జరిగినది? లెక్క వ్రాయుటలో పొరపాటనిరి అధికారులు. స్కాట్ మాత్రము తుదివరకు వేరొక కారణమును నమ్మెను. ఆ రోజులలో విజేతను ఆవరణములో ఒక సుందరి ముద్దుపెట్టుకొని అభినందించుట ఆచారము. ఆ సుందరి తెల్లజాతి స్త్రీ. ఒక నల్లవానిని ఆమె వేలాది తెల్లవారి యెదుట ముద్దుపెట్టుకొనుట ఆ కాలపు ఫ్లోరిడాలో జరుగవలసిన సంగతి కాదని భావించి, జనము వెళ్లువరకు జాగు చేసిరని ఆయన యభిప్రాయము. మేము ఆ అధికారుల మనస్సులలో ప్రవేశించి చూచినవారము కాము. పొరపాటు సంభవమేయని మేమే ముందుగా చెప్పియున్నాము. దుమ్ములో గుర్తు తప్పవచ్చును. కాని ఒక మాట. 25 చుట్లు మిగిలియుండగా ముందునకు వచ్చినవాడు ఎవడో బరిచుట్టును ఉన్నవారు చూచుచునే యుండిరి. రెండు చుట్ల తేడా కన్నుమరుగగునంత సూక్ష్మమైనది కాదు.

పోనిండు, పొరపాటే యనుకొందము. అప్పుడును ఒక ప్రశ్న మిగులును. డేటోనాలో 1959లో పొరపాటు జరిగినప్పుడు దానిని మూడు దినములు దేశమంతయు తెలియునట్లు విచారించి, లీ పెట్టీ గెలిచెనని బహిరంగముగా చాటిరి గదా. జాక్సన్‌విల్‌లో నిజము తేలిన పిదపనైనను, తరువాతి పందెమున జనము నిండియున్న సమయమున స్కాటును ముందునకు పిలిచి, మొన్న గెలిచినవాడు ఈతడని చెప్పి, ట్రోఫీ చేతికిచ్చినచో తప్పు మాసిపోయెడిది. అది జరుగలేదు. తప్పు పదిమంది యెదుట జరిగినది. దిద్దుబాటు నలుగురి నడుమ జరిగినది. ఆయనకు ముట్టినది కూలి మాత్రమే, గౌరవము కాదు. మా దృష్టిలో జాక్సన్‌విల్ అన్యాయము జెండా ఊపినప్పటికంటె ఈ మౌనములోనే ఎక్కువగా నున్నది.

స్కాట్ కోపముతో పందెములు మానలేదు. ఆ 1,000 డాలర్లును బండికే ఖర్చయినవని వేరుగ చెప్పనక్కరలేదు. డార్లింగ్‌టన్ బరిలో 1965 వరకు ఆయనకు ప్రవేశము లభింపలేదు. లభించిన తరువాత అక్కడను పరుగెత్తెను. 1966లో సంవత్సరాంతమున గణించిన మొత్తము గుణములలో ఆయన 6వ స్థానమున నిలిచెను. పాత భాగములతో, సొంత చేతులతో కట్టుకొన్న బండికి అది సామాన్యమైన స్థానము కాదు. 1973 మే నెలలో టాలడేగా బరిలో పెక్కు కారులు ఒకదానిపై నొకటి పడిన గొప్ప ప్రమాదమున ఆయన ఎముకలు విరిగెను. అప్పుచేసి కొన్న బండి నుగ్గయ్యెను. ఆ యేటితో ఆయన పందెముల జీవితము ముగిసినది. మొత్తము 495 పందెములు. అందు మొదటి పదిమందిలో నిలిచినవి 147. గెలిచినట్లు వ్రాయబడినది ఒక్కటి, ఆ జాక్సన్‌విల్ పందెము. 1977లో ఆయన జీవితమును ఆధారముగా గైకొని 'గ్రీస్డ్ లైట్‌నింగ్' అను చలనచిత్రము తీసిరి. రిచర్డ్ ప్రయర్ అను హాస్యనటుడు ఆయన పాత్ర ధరించెను. 1990 డిసెంబరు 23వ తేదీన స్కాట్ కన్నుమూసెను. ట్రోఫీ అప్పటికిని ఆయన ఇంటికి రాలేదు.

ఆ పిమ్మట కాలము మెల్లగా కదలినది. 2010లో జాక్సన్‌విల్‌లోని పందెముల అభిమానులు ఆ ట్రోఫీ నమూనా నొకదానిని చేయించి కుటుంబమున కిచ్చిరి. అది అభిమానుల గౌరవమే గాని సంఘము చేసిన దిద్దుబాటు కాదు. 2013లో డారెల్ వాలెస్ అను నల్లజాతి యువకుడు, డాన్‌విల్‌కు సుమారు 30 మైళ్ల దూరమున నున్న మార్టిన్స్‌విల్ బరిలో నాస్కార్ వారి ట్రక్కుల పందెము గెలిచెను. స్కాట్ తరువాత ఆ సంఘపు జాతీయ శ్రేణి పందెములలో గెలిచిన నల్లవాడు అతడే. మరుసటి యేడు అదే బరిలో తన బండిపై స్కాట్ సంఖ్యయగు 34 వ్రాయించుకొని మరల గెలిచెను. 2015లో నాస్కార్ కీర్తిమందిరమున స్కాట్ పేరు చేరినది.

తుదకు 2021 ఆగస్టు 28వ తేదీన డేటోనా బరిలో, ప్రేక్షకుల సమక్షమున, సంఘమువారు స్కాట్ కుటుంబమునకు జాక్సన్‌విల్ పందెపు ట్రోఫీని అందజేసిరి. మరునాడు ఆయన నూరవ జన్మదినము. వాషింగ్టన్ మహాప్రదర్శనము జరిగినదియు ఆగస్టు 28వ తేదీననే. ఇది కేవలము యాదృచ్ఛికము కావచ్చును గాని, తలచుకొనదగినది. తండ్రి వెంట బండి క్రింద పరుండి మరలు బిగించిన కుమారులు అప్పటికి వృద్ధులు. ట్రోఫీని చేతులారా అందుకొనవలసినవాడు గతించి 30 ఏండ్లు దాటినవి. ఆ యేడే అక్టోబరు 4వ తేదీన టాలడేగా బరిలో వాలెస్ అత్యున్నత శ్రేణి పందెమును గెలిచెను. వాన వలన పందెము మధ్యలో నిలిచిపోగా, ముందున్నవానిని విజేతగా ప్రకటించిరి. స్కాట్ తరువాత ఆ శ్రేణిలో గెలిచిన నల్లవాడు మరి లేడు, వాలెస్ రెండవవాడు. మొదటివానికిని రెండవవానికిని నడుమ 58 ఏండ్లు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. కాగితముపై తప్పు రెండు గంటలలో దిద్దినవారికి, మనిషికి న్యాయము చేయుటకు అన్ని ఏండ్లేల పట్టెను? అంకెను దిద్దుటకు కలము చాలును. మనిషికి న్యాయము చేయుటకు, ఏ జనము యెదుట ఆయన చిన్నబుచ్చబడెనో ఆ జనము యెదుట నిలిచి, తప్పు మాది యని చెప్పవలెను. దానికి కావలసినది గణితము కాదు, గుండె. గణితము తెలిసినవారు జాక్సన్‌విల్‌లో ఉండిరి. ఆ రెండవది మాత్రము కొరవడినది.

ఈ సంగతి కారుల పందెములకే పరిమితమైనది కాదు. పరీక్షలో మార్కులు తప్పుగా కూడినపుడు, కూలిపట్టీలో ఒకని పేరు విడిచినపుడు, సభలో ఒకని కృషి వేరొకనికి చెప్పినపుడు, మనమును తరువాత సరిచేయుదుమని పలికి, చీకటిలో సరిచేసి ఊరకుందుము. సొమ్ము ముట్టినది గదా యని సమాధానపడుదుము. కాని బిడ్డ పేరు బడిలో తప్పు చదివినప్పుడు నవ్విన పిల్లలందరును వినునట్లు మరల చదివినగాని ఆ బిడ్డ తల యెత్తి నడువదు. ఇది ప్రతి తల్లికిని తెలిసినదే. ఇంత చిన్న సంగతిని ఒక మహాసంఘము గ్రహించుటకు ఒక మనిషి ఆయువు కంటె ఎక్కువ కాలము పట్టినది.

స్కాట్ ఆ దినమున తనకు జెండా ఊపకపోయినను బండి ఆపలేదు. గెలిచిన పిదపను రెండు చుట్లు అదనముగా తిరిగెను. ఆ రెండు చుట్లును లెక్కలోనివి కావు, పందెమునకు అక్కరలేనివి. అయినను జాక్సన్‌విల్ పందెమును తలచినప్పుడెల్ల మాకు ముందుగా జ్ఞప్తికి వచ్చునవి అవియే. తన పని ముగిసినదని తనకు తెలియును. లోకము ఇంకను ఒప్పుకొనలేదు. ఒప్పుకొనువరకు ఆయన ఆ గుంతలబాటపై బండి నడుపుచునే యుండెను.